రేడియో ప్రశ్నలు: ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి మీరడిగినవి

పోయిన సంచికలో ఎఫ్.ఎం. గురించి రాస్తూ ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు చెప్పాం. ఆయన ఎవరు, ఏం చేశాడు, చివరికి ఏమయ్యాడు అని చాలామంది అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయన గురించే.

రేడియో అంటే మార్కోనీ అని చదువుకున్నాం. మన జగదీశ్ చంద్ర బోస్ ముందే చేశారనీ విన్నాం. మధ్యలో ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరండీ?
— రిటైర్డ్ టీచర్, తెనాలి

ముగ్గురికీ ఇందులో వాటా ఉందండీ, చేసిన పనులే వేరు. బోస్ 1895లో కలకత్తా టౌన్ హాల్లో తీగ లేకుండా దూరంగా ఉన్న గంట మోగించి చూపించారు. మార్కోనీ 1901 డిసెంబర్‌లో అట్లాంటిక్ దాటించిన సంకేతం మోర్స్ కోడ్‌లో ‘ఎస్’ అక్షరం, అంటే మూడు చుక్కలు. మనిషి గొంతును మొదట గాల్లోకి ఎక్కించింది రెజినాల్డ్ ఫెస్సెండెన్, 1900లో. వీళ్లంతా కష్టపడి పంపించగలిగారు గానీ వినేవాళ్ల దగ్గరున్న పెట్టె మాత్రం చాలా బలహీనంగా ఉండేది. హెడ్‌ఫోన్ చెవులకు అదిమి పెట్టుకుని ఊపిరి బిగబట్టి వింటే ఏదో లీలగా వినిపించేది.

ఆ పెట్టెను మార్చింది ఆర్మ్‌స్ట్రాంగ్. 1912లో రీజెనరేషన్, 1918లో సూపర్‌హెటెరోడైన్, 1933లో ఎఫ్.ఎం. ఈ మూడూ ఆయనవే. ఈ రోజు మీ ఇంట్లో ఎఫ్.ఎం. మోగుతోందంటే అందులో ఆయన పని రెండు చోట్ల ఉంటుంది, పంపే పద్ధతిలోనూ పట్టుకునే పద్ధతిలోనూ. ఇంత చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనపడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

1912 అంటే ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లే కదా. డిగ్రీ కూడా అవకుండా అంత పెద్ద విషయం ఎలా పట్టుకున్నాడు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

పుస్తకాల్లో ఉన్నదాన్ని అలాగే నమ్మకుండా కొలిచి చూడటం వల్ల. నా ఉద్దేశంలో ఆయన జీవితం మొత్తానికి ఇదే అసలు సంగతి.

ఆయన పుట్టింది 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో, పెరిగింది పక్కనే ఉన్న యాంకర్స్‌లో. చిన్నప్పుడు నరాలకు సంబంధించిన జబ్బు చేసి కొంతకాలం బడి మానేసి ఇంట్లోనే చదువుకున్నాడు. ఆ జబ్బు వల్ల ముఖం, భుజం అదిరే అలవాటు జీవితాంతం ఉండిపోయింది, టెన్షన్ పెరిగితే ఎక్కువయ్యేది. మేడ మీద తన గదిలో వైర్‌లెస్ సామాను పేర్చుకుని, పెరట్లో 125 అడుగుల యాంటెనా స్తంభం సొంతంగా నిలబెట్టి, దాని పైదాకా తనే ఎక్కి దిగేవాడు.

కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతున్నప్పుడు ఆడియాన్ అనే వాల్వు (గాజు బల్బు లాంటి పరికరం, ట్రాన్సిస్టర్లకు ముందు సిగ్నల్ పెంచడానికి వాడేవారు) చేతికి దొరికింది. దాన్ని 1906లో తయారు చేసింది లీ డి ఫారెస్ట్. తయారు చేశాడు గానీ అది ఎలా పనిచేస్తుందో ఆయనకే సరిగ్గా తెలియదు, దాని గురించి ఆయన రాసిన వివరణలో చాలా తప్పులున్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వాల్వులో ఏ కాలు దగ్గర ఏ కరెంటు ఉందో ఓపిగ్గా కొలుచుకుంటూ పోయాడు. ప్లేటు దగ్గర, అంటే బయటకు వచ్చే వైపున, వచ్చిన సిగ్నల్ పోలికలోనే ఆల్టర్నేటింగ్ కరెంటు కాస్త మిగిలి ఉంటోందని కనిపెట్టాడు. దాన్నే ఒక కాయిల్ ద్వారా మళ్లీ గ్రిడ్ దగ్గరకు, అంటే లోపలికి వెళ్లే వైపుకి పంపితే? పెరిగింది మళ్లీ పెరుగుతుంది, అది మళ్లీ పెరుగుతుంది. రీజెనరేషన్ అంటే ఇదే. 1912 వేసవి సెలవులు అయిపోయేసరికి, చెవి దగ్గర పెట్టుకున్నా వినపడని స్టేషన్లు హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టినా వినపడసాగాయి.

పెళ్లి పందిట్లో మైకు స్పీకర్ పెట్టె ముందుకు వస్తే కూతపెడుతుంది చూడండి, అదే ఇది. కూత మొదలయ్యే ముందు అంచున ఆపగలిగితే అది గొప్ప రిసీవర్. అంచు దాటనిస్తే ఆ వాల్వు తనంతట తనే తరంగాలు పుట్టించే ట్రాన్స్‌మిటర్ అవుతుంది. ఒకే సర్క్యూట్‌తో రెండూ వచ్చాయి, ఆ తర్వాత వచ్చిన బ్రాడ్‌కాస్టింగ్ స్టేషన్లన్నీ దీని మీదే నిలబడ్డాయి.

పేటెంటుకు డబ్బులడిగితే నాన్న ముందు డిగ్రీ పూర్తి చెయ్యమన్నాడు. కొడుకు మంచి కోరే అలా అన్నాడు. 1913 జనవరి 31న సర్క్యూట్ బొమ్మను నోటరీ దగ్గర పావు డాలరు కట్టి సంతకం చేయించుకుని, అసలు దరఖాస్తు అక్టోబర్‌లో వేశాడు. ఆ తొమ్మిది నెలలూ ఎంత విలువైనవో తర్వాత కోర్టులో తెలిసింది.

ముప్ఫై ఏళ్లుగా రేడియోలు బాగు చేస్తున్నాను. ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లు తిప్పుతూనే నా జీవితం గడిచింది. ఆ 455 కూడా ఆయన పెట్టిందేనా?
— రేడియో మెకానిక్, నరసరావుపేట

455 కిలోహెర్ట్జ్ అనే అంకె తర్వాత కంపెనీలు స్థిరం చేసుకున్నది. ఐ.ఎఫ్., అంటే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ అనే పద్ధతి మాత్రం ఆయనదే. మీకు చేతితో తెలిసిన విషయమే గానీ మిగతా పాఠకుల కోసం చెబుతాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన అమెరికా సైన్యం సిగ్నల్ కోర్‌లో ప్యారిస్‌లో పనిచేశాడు. అప్పటి వాల్వులు ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను పెంచలేకపోయేవి, తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే బాగా పెంచేవి. ఆయన ఏమన్నాడంటే, సిగ్నల్‌ను పెంచలేకపోతే ముందు దాని ఫ్రీక్వెన్సీని కిందికి దించుదాం, దించాక పెంచుదాం. సూపర్‌హెటెరోడైన్ అంటే ఇదే. విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది కదా. మీరు దాన్ని ట్యూన్ చేసినప్పుడు సెట్టులోని ఆసిలేటర్, అంటే లోపలే ఒక తరంగం పుట్టించే భాగం, 1292 మీద తిరుగుతుంది. రెంటికీ తేడా 455. హైదరాబాద్‌కు తిప్పితే 738, ఆసిలేటర్ 1193, తేడా మళ్లీ 455. ఏ స్టేషన్ పెట్టినా లోపలికి వచ్చేసరికి అది 455 అయిపోతుంది కాబట్టి, ఆ తర్వాతి దశలన్నీ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే సరిచేసి పెట్టుకుంటే చాలు. గ్యాంగ్‌లో, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సర్‌లో, రెండు సెక్షన్లు కలిసి తిరిగేది అందుకే. ఎఫ్.ఎం. సెట్లలో ఇదే అంకె 10.7 మెగాహెర్ట్జ్.

రెండు ఫ్రీక్వెన్సీలు కలిపి మూడోది పుట్టించడమన్నది ఫెస్సెండెన్ ఆలోచన, దాన్ని ఇలా వాడొచ్చన్నది ఆర్మ్‌స్ట్రాంగ్. అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో లూసియన్ లెవీ కూడా ఇలాంటి ఆలోచనే చేసి పేటెంటు వేశాడు. ఆయన పేరు కూడా చెప్పుకోవడం న్యాయం. కానీ దాన్ని పనిచేసే యంత్రంగా మలచి, ఇంట్లో వాళ్లు రెండు బటన్లతో తిప్పుకునే స్థాయికి తెచ్చింది మాత్రం ఆర్మ్‌స్ట్రాంగే.

ఆయన టవర్లు ఎక్కేవాడట, పెళ్లికి రేడియో కానుకగా ఇచ్చాడట, నిజమేనా?
— గృహిణి, సికింద్రాబాద్

రెండూ నిజమే. 1923లో న్యూయార్క్‌లో ఆర్.సి.ఎ. అనే పెద్ద రేడియో కంపెనీ కొత్తగా కట్టిన యాంటెనా టవర్ కొసకు ఎక్కి ఫోటో దిగాడు. ఆ కంపెనీ పెద్ద డేవిడ్ సార్నాఫ్‌కు చాలా కోపం వచ్చింది. ఆ సార్నాఫ్ దగ్గరే సెక్రటరీగా పనిచేస్తున్న మేరియన్ మెక్‌ఇన్నిస్‌ను అదే ఏడాది డిసెంబర్‌లో పెళ్లి చేసుకుని, చేత్తో మోసుకెళ్లే సూపర్‌హెటెరోడైన్ సెట్టు తయారు చేసి ఇచ్చాడు. హనీమూన్‌లో సముద్రపు ఒడ్డున ఇద్దరూ ఆ సెట్టు పక్కన కూర్చున్న ఫోటో ఉంది.

రీజెనరేషన్ కేసులో సుప్రీంకోర్టే డి ఫారెస్ట్‌కు ఇచ్చింది కదా. మరి మీరు ఆర్మ్‌స్ట్రాంగ్‌దే అని ఎలా రాస్తారు?
— లా విద్యార్థి, కర్నూలు

మంచి ప్రశ్న. రీజెనరేషన్ ముందు ఎవరు కనిపెట్టారన్న కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు డి ఫారెస్ట్‌కే, 1934లో, జస్టిస్ కార్డోజో రాసిన తీర్పు. ఆధారం ఏమిటంటే 1912 ఆగస్టులో డి ఫారెస్ట్ ల్యాబులో ఆడియాన్ సర్క్యూట్ ఒకటి కూత పెట్టిందని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. కూత రావడం నిజమే. కానీ ఆ కూతను ఆయన ఒక లోపంగా చూశాడు. రేడియో సిగ్నల్ పెంచడానికి పనికొస్తుందని ఆ రోజు అక్కడ రాయలేదు. ఎందుకు వస్తోందో వివరించి, కావాలన్నప్పుడు రప్పించి, వద్దన్నప్పుడు ఆపి చూపించింది ఆర్మ్‌స్ట్రాంగ్. నేను ఈ పక్షానే ఉంటాను.

ఆ కాలపు ఇంజినీర్లూ ఈ పక్షానే ఉన్నారు. 1917లో రేడియో ఇంజినీర్ల సంస్థ తన మొట్టమొదటి గౌరవ పతకం ఆర్మ్‌స్ట్రాంగ్‌కే ఇచ్చింది. 1934లో ఓడిపోయాక ఆయన ఆ పతకం తిరిగి ఇచ్చేయడానికి ఫిలడెల్ఫియాలో వాళ్ల సమావేశానికి వెళ్లాడు. ఆయన నోరు తెరవకముందే అధ్యక్షుడు పతకం వెనక్కి తీసుకునేది లేదన్నాడు, సభలో ఉన్న వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. 1922–23 నాటికే ఈ కేసు ఆయన పక్షాన తేలింది. అవతలి వాళ్లు, అంటే డి ఫారెస్ట్ పక్షం, దివాలా అంచున ఉన్నారు, నష్టపరిహారం కట్టలేరు. దాన్ని వదులుకుంటే కేసు ముగిసేది. ఆయన వదలలేదు, ఆ సందులోంచి వాళ్లు మళ్లీ లేచి పదకొండేళ్లు లాగి గెలిచారు. లాయర్లు కాబోతున్న మీరు ఈ కేసులో ఈ భాగం తప్పక చదవండి.

వాన కాలంలో మీడియం వేవ్ పెడితే పిడుగు పడ్డప్పుడల్లా గరగర. మోటారు వేస్తే గరగర. ఎఫ్.ఎం.లో ఎందుకు రాదు?
— రైతు, కావలి

మీడియం వేవ్‌లో మాట, పాట అంతా తరంగం ఎత్తు మీద ఎక్కించి పంపుతారు. గొంతు పెరిగితే ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పిడుగు, మోటారు, బైక్ ప్లగ్గు ఇవన్నీ కూడా ఎత్తునే మారుస్తాయి. రేడియోకు ఏది పాటో ఏది పిడుగో తెలియదు, రెండూ వినిపిస్తుంది. ఎఫ్.ఎం.లో ఎత్తు ఎప్పుడూ ఒక్కటే. మారేది తరంగం ఎంత వేగంగా ఊగుతోందన్నది. కాబట్టి రిసీవర్‌లో లిమిటర్ అనే దశ పెట్టి, ఎత్తులో వచ్చిన తేడాలన్నీ కోసి పారేస్తారు. పిడుగు చప్పుడు అక్కడే పోతుంది, పాటకేమీ కాదు.

ఇప్పుడు చెబితే సులువుగా ఉంది గానీ, 1922లో ఎ.టి. అండ్ టి. కంపెనీకి చెందిన జాన్ కార్సన్ అనే గణిత నిపుణుడు ఎఫ్.ఎం. వల్ల లాభమేమీ లేదని లెక్కలు కట్టి తేల్చేశాడు. లెక్క తప్పు కాదు, కానీ ఆయన చూసింది ఇరుకైన బ్యాండునే (బ్యాండు అంటే ఒక ప్రసారం ఆక్రమించే ఫ్రీక్వెన్సీల మేర). అందరూ అదే పట్టుకుని ఎఫ్.ఎం.ను మరిచిపోయారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, బ్యాండు వెడల్పు చేసే కొద్దీ రొద తగ్గుతోందని కనిపెట్టాడు. అప్పటిదాకా అందరూ బ్యాండు ఇరుకు చేస్తే రొద తగ్గుతుందనుకునేవారు, ఇది పూర్తిగా తలకిందులు. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు చేతికొచ్చాయి.

1935 నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజినీర్ల సభలో చూపించాడు. యాంకర్స్‌లో ఆయన స్నేహితుడి ఇంట్లో ట్రాన్స్‌మిటర్. అక్కడ గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు ఇక్కడ హాల్లో ఉన్నవాళ్లకు పక్కనే జరిగినట్టు వినిపించాయి. మధ్యలో మాట ఆగితే రొద లేదు, పూర్తి నిశ్శబ్దం. రేడియోలో ఆ నిశ్శబ్దం అంతకుముందు ఎవరూ విని ఉండరు.

ఇంత బాగుంటే కంపెనీలు ఎగబడి తీసుకోవాలి కదా. ఆర్.సి.ఎ. ఎందుకు అడ్డుకుంది? చివరికి ఆత్మహత్య చేసుకున్నాడని విన్నాను, మొండితనమే కారణమా?
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

సార్నాఫ్‌కు, ఆయనకు పాత స్నేహం. 1914 జనవరి చివర్లో న్యూజెర్సీలోని బెల్మార్ మార్కోనీ స్టేషన్‌లో ఇద్దరూ రాత్రంతా చలిలో కూర్చుని ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టెతో ఎక్కడెక్కడివో స్టేషన్లు పట్టుకుని విన్నారు. 1922లో ఆర్.సి.ఎ. ఆయన మరో ఆవిష్కరణను 2 లక్షల డాలర్లు, 60 వేల షేర్లు ఇచ్చి కొనుక్కుంది. ఆ షేర్లతో ఆ కంపెనీలో అందరికంటే పెద్ద వ్యక్తిగత వాటాదారు అయ్యాడు.

రేడియోలో రొద పోగొట్టే చిన్న పెట్టె ఏదైనా చెయ్యమని సార్నాఫ్ అడిగేవాడు. ఆయనకు కావలసింది ఉన్న సెట్లకు తగిలించే పెట్టె. ఈయన తెచ్చింది కొత్త ట్రాన్స్‌మిటర్లు, కొత్త రిసీవర్లు, మొత్తం కొత్త వ్యవస్థ. ఆర్.సి.ఎ. అప్పటికే పాత పద్ధతి స్టేషన్ల మీద బతుకుతోంది, ముందున్న డబ్బంతా టెలివిజన్ మీద పెట్టాలనుకుంటోంది. 1934లో ఎంపైర్ స్టేట్ భవనం మీద ప్రయోగాలు చేసుకోనిచ్చి, వంద కిలోమీటర్లకు పైగా దూరాన స్పష్టంగా వినపడిందని తేలాక కూడా, 1935లో టెలివిజన్ కోసం ఆ చోటు ఖాళీ చెయ్యమంది. సొంత డబ్బు పెట్టి న్యూజెర్సీలో ఆల్పైన్ అనే చోట 400 అడుగులకు పైబడిన టవర్ కట్టుకున్నాడు.

1940లో రేడియో స్టేషన్లకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ 42 నుంచి 50 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్.ఎం.కు చోటిచ్చింది. స్టేషన్లు పెరిగాయి, జనం సెట్లు కొన్నారు. 1945లో అదే ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎం.ను ఇప్పుడు మనం వింటున్న 88–108 వైపు జరిపింది. అంటే జనం ఇళ్లలో ఉన్న లక్షల సెట్లు, స్టేషన్ల పరికరాలు ఒక్క ఉత్తర్వుతో పనికిరాకుండా పోయాయి. యుద్ధంలో తన పేటెంట్లను సైన్యానికి రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చిన మనిషికి దక్కింది ఇది.

ఆర్.సి.ఎ. ఒకేసారి 10 లక్షల డాలర్లు ఇస్తామంది. మిగతా కంపెనీలు సెట్టుకింతని రాయల్టీ కడుతుంటే మీకు మాత్రం వేరే లెక్క ఎందుకని ఆయన ఒప్పుకోలేదు. 1948లో కేసు వేశాడు. అవతలి లాయర్లు ఏడాది పాటు ఆయన్నే ప్రశ్నలడిగారు. 1950లో మొదటి ఎఫ్.ఎం. పేటెంట్ల గడువు ముగిసింది, చేతిలో డబ్బు అయిపోతూ వచ్చింది. 1953 నవంబర్‌లో భార్యతో గొడవపడి ఆమెపై చెయ్యిచేసుకున్నాడు. దానికి ఏ కష్టమూ సాకు కాదు. ఆమె తన సోదరి ఇంటికి వెళ్లిపోయింది. 1954 జనవరి 31 రాత్రి ఆమెకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసి, ప్రాణం తీసుకున్నాడు. అరవై మూడేళ్లు.

మొండితనం ఉంది, లేదనను. కానీ అదే మొండితనం లేకపోతే కార్సన్ లెక్క చూసి 1922లోనే ఎఫ్.ఎం. వదిలేసి ఉండేవాడు. తప్పంతా మనిషి స్వభావం మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. డబ్బున్న కంపెనీ కేసును పేటెంటు గడువు దాటేదాకా సాగదీయగలగడం, దాన్ని ఆపే దారి లేకపోవడం, అసలు అన్యాయం అక్కడుంది.

మరి ఆ కేసులు ఏమయ్యాయి?
— పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

మేరియన్ నడిపింది. ఆర్.సి.ఎ.తో 1954లోనే రాజీ అయింది, దాదాపు 10 లక్షల డాలర్లకు. మిగతా కంపెనీల మీద ఒక్కొక్కటిగా పోరాడి, చివరిదైన మోటరోలా కేసు కూడా 1967లో గెలిచింది. ఆయన కంటే ఆమె ఓపిక గొప్పదని నేననుకుంటాను. ఆల్పైన్ టవర్ ఇప్పటికీ ఉంది. 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీది యాంటెనాలు కూలినప్పుడు న్యూయార్క్ టీవీ స్టేషన్లు కొన్ని ఆ టవర్ నుంచే ప్రసారం చేశాయి.

మనకు ఎఫ్.ఎం. ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?
— జర్నలిజం విద్యార్థిని, హైదరాబాద్

మన దేశంలో మొదటి ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో ఆకాశవాణిది. ఒక మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ అనేక జిల్లాలకు సరిపోతుంది. ఎఫ్.ఎం. దాదాపు కనుచూపు దూరమే వెళ్తుంది కాబట్టి చాలా పెట్టాలి. పైగా ప్రసారం మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండేది. 1995లో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 2001లో బెంగళూరులో ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది.

నాకు అన్నిటికంటే నచ్చేది జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లోని సంఘం రేడియో. 2008 అక్టోబర్ 15 నుంచి 90.4 మీద దళిత మహిళలు నడుపుతున్నారు. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల మాటల్లోనే. దూరం పోదనే ఎఫ్.ఎం. గుణం ఇక్కడ మేలు చేసింది. తక్కువ పవరు, తక్కువ ఖర్చు, చుట్టుపక్కల ఊళ్లకు చక్కటి శబ్దం.

ఆయన 1912 సర్క్యూట్ ఇప్పుడు ఇంట్లో చేసి చూడొచ్చా?
— పదో తరగతి విద్యార్థి, ఖమ్మం

తప్పకుండా చెయ్యి. వాల్వు అక్కర్లేదు, ఒక్క ట్రాన్సిస్టర్ చాలు. పాత రేడియోలోంచి మీడియం వేవ్ ఫెర్రైట్ రాడ్, గ్యాంగ్ తీసుకో. రాడ్ మీద ఉన్న కాయిల్ పక్కనే ఇంకో నాలుగైదు చుట్లు చుట్టి, ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి వచ్చే కరెంటు వాటి గుండా పోయేలా కలుపు, దాన్నే టిక్లర్ అంటారు. ఎంత తిరిగి వెళ్లాలో సరిచేయడానికి ఒక వాల్యూమ్ కంట్రోల్ లాంటిది పెట్టుకో. ఫోన్ ఇయర్‌ఫోన్ నేరుగా పెడితే సరిగ్గా వినపడదు, మధ్యలో చిన్న యాంప్లిఫయర్ ఉండాలి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీదే చెయ్యి, ఇంటి కరెంటు వద్దు. పొడవాటి యాంటెనా తగిలించకు, కూత అంచు దాటితే నీ సెట్టే ట్రాన్స్‌మిటర్ అయి పక్కింటి రేడియోలో ఈల వేస్తుంది.

చీకటి పడ్డాక మొదలుపెట్టు, దూరపు స్టేషన్లు అప్పుడే వస్తాయి. కంట్రోల్ మెల్లగా పెంచుతూ పో, కూత మొదలవగానే కొంచెం వెనక్కి తిప్పు, స్టేషన్ గట్టిగా వినపడేది అక్కడే. ఎంత పెంచినా కూత రాకపోతే టిక్లర్ రెండు కొసలూ అటుదిటు, ఇటుదటు మార్చి కలుపు.